పదిహేడో నంబరు హాజర్

పోయిన వారం మనం విజయకుమారిని తరగతి గది గుమ్మంలో, ఒక కాలు లోపల ఒక కాలు బయట ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉన్నట్టు లెక్క. ఈ కథలోకి ఇవాళే అడుగు పెట్టిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిడని లోపలికి పంపిస్తాను.

విజయకుమారి యూనివర్సిటీ క్యాంపస్‌లో టీచర్లకు పాఠం చెప్పే టీచరు. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి పన్నెండేళ్లు. క్యాంపస్ క్వార్టర్సులో తల్లి కరుణమ్మతో ఉంటుంది. కౌన్సిల్ వారి బడుల కమిటీలో ఆవిడ మెంబరు కూడా. బడుల్లో చదువు ఎలా సాగుతోందో, పిల్లలు తిని తిరుగుతూ ఆరోగ్యంగా ఉన్నారో లేదో చూసి చెప్పడం ఆ కమిటీ పని. చూడ్డం ఏడాదికి ఒకసారి, చెప్పడం మాత్రం నెలనెలా టీ బిస్కెట్లతో సహా. తార్నాక చౌరస్తాకి ఇవతల, క్యాంపస్ గోడకి ఆనుకుని ఉన్న బస్తీ బడి గురించి కమిటీకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. పోయినేడు చనిపోయిన సారలమ్మ అనే పిల్ల పేరు పదిహేడో నంబరు కింద అక్కడ ఇంకా రోజూ పిలుస్తున్నారనీ, పిలిస్తే ఎవరో పలుకుతున్నారనీ, బస్తీ పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారనీ అందులో ఉంది.

ఛైర్మన్ ఆనందరావుగారు చదివి నవ్వేశారు. "దయ్యాలు మన పరిధిలోకి రావమ్మా. మీరు వెళ్లి చూసి, లేదని రెండు ముక్కలు రాసుకురండి. గురువారం మూడింటికి మీటింగులో ఫైలు మూసేద్దాం" అన్నారు.

ఆ గురువారం పొద్దున ముసురు పట్టిన వేళ ఆవిడ బడికి వచ్చింది. హెడ్మాస్టరు వెంకటనర్సయ్య ఐదో తరగతి హాజరు వేస్తున్నాడు. పదహారు అయింది. పదిహేడో నంబరు దగ్గర ఆయన గొంతు ఒక్క క్షణం ఆగి, "సారలమ్మ" అంది.

"హాజర్" అని పలికింది గది.

అదిగో, అక్కడ ఆగాం.

*

విజయకుమారి లోపలికి వచ్చింది. పిల్లలు లేచి నిలబడ్డారు. ముప్పై రెండు మంది. వాళ్లలో ఒక్కరి మొహంలోనూ ఇప్పుడే నోరు తెరిచిన ఆనవాలు లేదు.

"ఎవరు పలికారు?" అని అడిగింది.

పెంకుల మీద నుంచి వాన కారుతోంది. ఆవిడ కళ్లు వరసలన్నీ తిరిగి, కిటికీ పక్కన ఆడపిల్లల చాప దగ్గర ఆగిపోయాయి. తక్కిన చాపల మీద పిల్లలు ఒకరి మోకాలు ఒకరికి తగిలేటట్టు ఇరుక్కుని ఉన్నారు. ఆ చాప మీద మాత్రం, సరిగ్గా ఒక పిల్ల కూర్చునేంత జాగా ఖాళీగా ఉంది. ఆ జాగాలో ఒక పలక, బోర్లించి ఉంది.

నిజం చెప్పాలంటే విజయకుమారి దయ్యాలను నమ్మదు. చదువుకున్న మనిషి, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అయినా ఆ క్షణాన ఆవిడ వీపు మీద చల్లటి నీళ్లు ఎవరో వంచినట్టయింది. పోయిన వారం రోజులుగా కాలేజీలో తన విద్యార్థుల హాజరు వేస్తున్నప్పుడు కూడా పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెన్ను ఆగిపోతోంది. అక్కడ పదిహేడో నంబరు మీసాలున్న రైల్వే బడి మాస్టరు, లాలాగూడ నుంచి సైకిలు మీద వస్తాడు. అతను "ప్రెజెంట్ మేడం" అని గట్టిగా అరిచేదాకా ఆవిడకి ఊపిరి ఆడటం లేదు.

"వెంకటనర్సయ్యగారూ, మీరు కాసేపు బయట ఉంటారా? పిల్లలతో నేను మాట్లాడతాను" అంది.

ఆయనకి యాభై దాటాయి. తెల్ల పైజామా, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న షేర్వాణీ, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. "మాట్లాడుండ్రి మేడం. పిలగాండ్లు భయపడ్తున్నరు, జర నెమ్మదిగ" అని రిజిస్టరు చంకలో పెట్టుకుని వరండాలోకి పోయాడు. భయపడుతున్నది పిల్లలేనా అని విజయకుమారికి అనుమానం వచ్చింది.

పిల్లల్తో మాట్లాడాలంటే వాళ్ల ఎత్తుకి దిగాలని తన విద్యార్థులకి ఏటా చెప్పే పాఠం. ఆ పాఠమే గుర్తొచ్చి ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆ ఖాళీ జాగాలో కూర్చోబోయింది.

"ఆడ కూసోకుండ్రి మేడం!"

అరిచింది పక్కనున్న పిల్ల. ఎండిన జుట్టు, రెండు జడలు, పదేళ్లుంటాయి. అరిచాక తనే బెదిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విజయకుమారి నేల మీదే, చాపకి ఇవతల, మట్టిలో కూర్చుంది. "సరే, ఇక్కడ కూర్చున్నా. నీ పేరేంటమ్మా?"

"పోచమ్మ."

"ఇందాక హాజర్ అన్నది నువ్వేనా?"

పోచమ్మ మిగతా ఆడపిల్లల వంక చూసింది. వాళ్లు తలలు దించుకున్నారు. తప్పించుకునే దారి లేదని తెలిశాక పిల్ల తల ఊపింది. "ఇయ్యాల నా వంతు మేడం."

"వంతా?"

"దినానికి ఒకలం. నిన్న బుచ్చవ్వ. రేపు దాని చెల్లె. ఎవలిదో ఎవలికి మాలూమ్ కాకుండ తల దించుకొని అంటం."

హమ్మయ్య, దయ్యం కాదు, పిల్ల చేష్టలు అనుకుని ఆవిడ గుండె కొంచెం కుదుట పడింది. అక్కడితో లేచి పోయి ఉంటే మూడు గంటలకి ఫైలు మూతపడేది, మన కథా మూతపడేది. కానీ ఆవిడ వృత్తి ఆవిడని లేవనివ్వలేదు. "ఎందుకు అంటున్నారమ్మా అలా? ఆటా?"

"ఆట గాదు మేడం." పోచమ్మకి కోపం వచ్చింది. పెద్దవాళ్లకి ఇంత చిన్న విషయం తెలియకపోతే పిల్లలకి కోపం వస్తుంది. "ఎవలం అనకపోతే గైర్‌హాజర్ పడ్తది గద."

"పడితే?"

"సారు నలుగురిని పంపిస్తడు. పోయి ఎత్కరమ్మంటడు."

విజయకుమారికి వెంటనే అర్థం కాలేదు. మీకు అర్థమయ్యే ఉంటుంది. బడి ఎగ్గొట్టిన పిల్లని తీసుకురమ్మని నలుగురు పెద్ద పిల్లల్ని ఇంటికి తోలడం మన బడుల్లో ఎప్పటి నుంచో ఉన్న వాడుక. కాళ్లు ఇద్దరు, చేతులు ఇద్దరు పట్టుకుని ఊరేగింపుగా మోసుకొస్తుంటే వీధంతా నవ్వేది. నన్నూ ఒకసారి అలాగే తెచ్చారు. మోసేవాళ్లకి అదొక పండగ, మొయ్యబడేవాడికి నాలుగు రోజుల సిగ్గు. అంతకు మించి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"ఎక్కడి నుంచి ఎత్తుకొస్తారమ్మా? ఆ పిల్ల..." ఆవిడ ఆగింది.

పోచమ్మ కిటికీలోంచి వేలు చూపించింది. వానలో మసకగా బండరాళ్లు, వాటి అవతల సీతాఫలం పొదలు, వాటికి అవతల బస్తీ వాళ్లు తమ వాళ్లని పూడ్చే జాగా.

"అప్పుడు ఇంటికాడ ఉండె. ఇప్పుడు గాడ ఉన్నది గద మేడం. గాడికి పోవాల్నంటే ఎట్ల పోతం? మాకు భయమైతది." పిల్ల గొంతు సన్నబడింది. "అప్పుడు సుత మమ్ములనే పంపిండు. నేను ఎడమ చెయ్యి పట్టుకున్న. ఒళ్లు పెనం లెక్క కాలుతుండె. నేను రాను పోచీ, నన్ను దించుండ్రే అన్నది. మేం నవ్వుకుంట ఉరికినం. కమిటీ వస్తున్నదని సారు జల్ది తెమ్మన్నడు."

"కమిటీ" అంది విజయకుమారి.

"ఆ. జెండా ఇస్తరు గద, అందరొస్తే."

విజయకుమారి లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని వరండాలోకి నడిచింది.

*

జెండా సంగతి చెప్పాలి. అది విజయకుమారి బుర్రలో పుట్టిన జెండాయే.

రెండేళ్ల కిందట కమిటీలో ఆవిడే లేచి చెప్పింది. బస్తీల్లో పిల్లలు బడికి రావడం లేదు, తమ్ముళ్లని ఆడించడానికి ఉండిపోతున్నారు, పశువుల వెంట పోతున్నారు. మాస్టర్లకి కొంచెం ఉత్సాహం ఇవ్వాలి. తనిఖీ రోజున పిల్లలందరూ హాజరుగా ఉన్న బడికి పచ్చ జెండా ఇద్దాం, ఏడాదంతా ఎగరేసుకుంటారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనందరావుగారు "చదువుకున్న ఆడవాళ్లు కమిటీలో ఉంటే ఇదీ లాభం" అన్నారు. తనిఖీకి పన్నెండు ప్రశ్నల కాగితం కూడా ఆవిడే తయారు చేసింది. పదకొండో ప్రశ్న, పిల్లల ఆరోగ్యం: బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. మూడింట్లో ఒకదాని పక్కన టిక్కు పెట్టాలి.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. కానీ ఎదురైన చెడు తనది కాదని ఆవిడ వరండాలోకి వచ్చేదాకా ఇంకా అనుకుంటూనే ఉంది. ఎవరో మాస్టరు అతి చేశాడు, ఇంకెవరో కమిటీ మెంబరు చూసుకోలేదు. ఉన్న బడులు నలభై నాలుగు, చూసే మెంబర్లు నలుగురు. పోయినేడు ఈ బడి ఎవరి వంతుకి వచ్చిందో ఆవిడకి జ్ఞాపకం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు తడుముకోవాలి అనుకుంటూనే, "పోయినేటి నాలుగో తరగతి రిజిస్టరు తియ్యండి" అంది.

వెంకటనర్సయ్య రేకు పెట్టె తెరిచి తీశాడు. ఆవిడ సెప్టెంబరు పేజీ తిప్పింది. రాని రోజుకి ఎర్ర సిరా గీత, వచ్చిన రోజుకి నల్ల గీత. పదిహేడో నంబరు సారలమ్మ. సోమవారం ఎర్ర గీత. మంగళవారం ఎర్ర గీత. బుధవారం ఎర్ర గీత. గురువారం, పద్నాలుగో తేదీ, నల్ల గీత. శుక్రవారం మళ్లీ ఎర్ర గీత.

"శుక్రవారం కూడ పండుకునే ఉన్నది. శనివారం పొద్దుగాల పోయింది" అన్నాడు ఆయన, ఆవిడ అడక్కుండానే.

"ఆ తరువాత కూడా గీతలు వేస్తూ పోయారు. నల్లవి. జూన్‌లో ఐదో తరగతిలోకి కూడా ఎక్కించారు. చనిపోయిన పిల్లని పాస్ చేశారా?"

"అందరిని పాస్ చేసిన మేడం. దాన్ని ఒక్కదాన్నే ఫెయిల్ చెయ్యబుద్ధి కాలే."

ఆయన తల ఎత్తలేదు. షేర్వాణీ కింది బొత్తాన్ని తిప్పుతూ నిలబడ్డాడు. "కొట్టేద్దామనుకున్న మేడం. కొట్టెయ్యాల్నంటే కారణం రాయాలె, ఆఖరుకు ఎప్పుడొచ్చిందో తారీఖు రాయాలె. పద్నాలుగు అని రాస్తే ఎవలన్న అడుగుతరు గద, పద్నాలుగు నాడు బాగున్న పిల్ల పదహారుకు ఎట్ల పోయింది అని. నేను పెన్ను పట్టుకొని కూసున్న. గప్పుడే తల్లి వచ్చింది, రాములమ్మ. మీ క్యాంపస్‌ల ఆడపిల్లల హాస్టల్ ఊడుస్తది. పేరు కొట్టకు సారూ, పేరు ఒక్కటన్న ఉండనీ అన్నది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సరే అన్న. తెల్లారి నుంచి పనికి పోయేటప్పుడు కిటికీ కాడ నిలబడి, పేరు పిలిచినంక పోతది. తల్లి నిలబడ్డదని ఒకనాడు పిలిచిన. పిలిస్తే... పలికిండ్రు."

"పిల్లలు ఎందుకు పలుకుతున్నారో మీకు తెలుసా?"

"తెల్వదు మేడం. అడగడానికి ధైర్యం చాలలే."

ఆవిడ చెప్పింది. పోచమ్మ చెప్పినదాన్ని అలాగే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. చెబుతుంటే ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి, పిల్లలు తనని చూసి శ్మశానానికి పంపిస్తాడేమోనని ఏడాదిగా వణుకుతున్నారని విన్నాక ఎక్కడ చూడాలో తెలియక గోడ మీద గడియారం వంక చూశాడు. అది ఎప్పుడో ఆగిపోయిన గడియారం.

"తనిఖీ పుస్తకం ఇవ్వండి. ఆ రోజు ఎవరు వచ్చారో చూడాలి."

ఈసారి ఆయన కదల్లేదు.

"వద్దు మేడం."

"ఇవ్వండి."

"ఇన్నేండ్లల్ల మీ అంత మంచిగ మాట్లాడిన కమిటీవాళ్లు ఎవరు రాలే. అందుకే అంటున్న. వద్దు."

అప్పుడు ఆవిడకి తెలిసిపోయింది. తెలిసినా చెయ్యి చాచింది. అట్టకి చిల్లుపడ్డ పొడుగాటి పుస్తకం. పద్నాలుగో తేదీ పేజీ వెతకాల్సిన పని లేకుండానే తెరుచుకుంది. ఆ పేజీ దగ్గర చాలాసార్లు ఎవరో తెరిచి చూసి ఉంటారు.

గుండ్రటి, చక్కటి అక్షరాలు. వాటిని ఆవిడ ఎక్కడైనా పోల్చుకోగలదు.

'మొత్తం నూట నలభై ఒక్క మంది. నూటికి నూరు హాజరు. ప్రశంసనీయం. పిల్లల ఆరోగ్యం: బాగుంది. నాలుగో తరగతిలో కిటికీ పక్కన ఒక బాలిక పాఠం జరుగుతుండగా నిద్రపోతున్నది. క్రమశిక్షణ ఇంకా మెరుగుపడాలి.' కింద సంతకం.

పోయినేటి తనిఖీలో రెండు రోజుల్లో ఆవిడ పదకొండు బడులు చూసింది. ఎండలో రిక్షా మీద తిరిగింది. ఈ వరండా, ఈ రేకు పెట్టె, ఈ మనిషి, ఏదీ గుర్తు లేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కిటికీ వస్తోంది, చాప వస్తోంది, గోడకి ఆనిన ఒక తల వస్తోంది. మొహం మాత్రం రావడం లేదు. ఆ పిల్ల మొహం తనకి తెలియదు. తను రాసిన వాక్యంలో ఆ పిల్లకి పేరు కూడా లేదు. ఆవిడకి ఏడుపు రాలేదు. వరండా స్తంభాన్ని పట్టుకుని వానలోకి వంగి నిలబడింది.

వెంకటనర్సయ్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాడు. "మీరు గది రాసి నాకు చూపిచ్చిండ్రు. నేను లోపలికి పోయి లేపి నిలబెట్టిన. మీరు పోయేదాక నిలబడే ఉన్నది" అన్నాడు మెల్లగా. "నాది తప్పు మేడం. మీది గాదు. మీకేం ఎరుక?"

"నాకు ఎరుక ఉండాలనే కదండీ నన్ను పంపించారు."

ఆయన పుస్తకం మీద చెయ్యి వేశాడు. "ఈ పేజీ చూసినోళ్లం మనం ఇద్దరమే. ఛైర్మన్ సాబ్ జెండా గురించి అడుగుతరు గని గీ బుక్కు ఎన్నడు అడగరు. కుట్టు దగ్గర పట్టి గుంజితే ఒక్క కాగితం, అంతే. దయ్యం లేదని రాయుండ్రి. నేను పేరు కొట్టేస్త. పిలగాండ్లకు నేనే నచ్చజెప్త. మీకు కొలువున్నది, ఇజ్జత్ ఉన్నది. దానికోసం మీరెందుకు పరేషాన్ కావాలె?"

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో విజయకుమారికి అప్పుడు తెలిసింది. మూడు గంటలకి కమిటీ. చెప్తే, కమిటీలో వేలెత్తి చూపేది తన వైపే. అసలే తెలంగాణలో ఆంధ్రావాళ్ల కొలువుల గురించి క్యాంపస్‌లో గొణుగుడు మొదలైన రోజులు. చెప్పకపోతే, అడిగేవాళ్లు లేరు. నిజంగానే లేరు. ఆవిడ వేళ్లు పేజీ అంచుని పట్టుకుని ఉన్నాయి. చించుదామనే పట్టుకుందో, చించకుండా ఉండటానికి పట్టుకుందో ఆవిడే చెప్పలేదు, ఇక నేనేం చెప్తాను.

లాలాగూడ వర్క్‌షాపు సైరన్ పన్నెండు కొట్టింది.

"సారూ" అని పిలుపు.

వరండా మెట్ల మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తల మీద గోనె సంచి గొంగడిలా కప్పుకుంది, చేతిలో పొడుగు చీపురు. నలభై కూడా ఉండవు, కానీ కళ్ల కింద ముసలితనం వచ్చేసింది.

"కమిటోళ్లు వచ్చిండ్రంట గద సారూ. హాస్టల్ కాడ చెప్పిండ్రు. నా బిడ్డ పేరు కొట్టేస్తరంట గద."

"గట్లాంటిదేం లేదు రాములమ్మా. నువ్వు పో. పనికాడ కోపం చేస్తరు" అన్నాడు వెంకటనర్సయ్య గబగబా.

ఆమె పోలేదు. చీపురు గోడకి ఆనించి మెట్టు ఎక్కింది. విజయకుమారిని చూసి నమస్కారం పెట్టింది. తరువాత ఆవిడ చేతిలో పుస్తకాన్ని చూసింది.

"గదేం బుక్కమ్మా? అండ్ల నా బిడ్డ గురించి ఉన్నదా?"

"ఏం లేదు, లెక్కల బుక్కు" అన్నాడు హెడ్మాస్టరు.

"నేను అమ్మను అడుగుతున్న సారూ." గొంతులో కోపం లేదు. "నాకు సదువు రాదమ్మా. నా బిడ్డకు జర జర వస్తుండె. ఉన్నదా అండ్ల?"

"ఉంది" అంది విజయకుమారి.

"సదివి ఇనిపిస్తవా?"

రాములమ్మ మెట్టు మీద కూర్చుంది. గోనె సంచి తీసి పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది. పురాణం వినడానికి కూర్చున్నట్టు కూర్చుంది.

విజయకుమారి చదివింది. నూటికి నూరు చదివింది. ప్రశంసనీయం చదివింది. ఆరోగ్యం బాగుంది అని చదివింది. 'ఒక బాలిక' దగ్గర వేలు పెట్టి ఆగింది. అదీ చదివింది, నిద్రపోతున్నది అన్న దాకా, ఆ తరువాత క్రమశిక్షణ దాకా. తన జీవితంలో ఏ ప్రార్థననీ అంత కష్టపడి పూర్తి చెయ్యలేదు.

రాములమ్మ అంతా విని, కొంగు సర్దుకుంది.

"ఎవలు రాసిండ్రమ్మా గది?"

"వాళ్లు ట్రాన్స్‌ఫరై పోయిండ్రు" అన్నాడు వెంకటనర్సయ్య. ఆయన కళ్లు విజయకుమారిని బతిమాలుతున్నాయి. తలుపు తెరిచి పెట్టాడు పాపం, దాటి వెళ్లిపోవడమే ఆవిడ పని.

"నేనే రాశాను" అంది విజయకుమారి.

అన్నాక ఆవిడకి ఏ ధైర్యమూ రాలేదు. భయం వేసింది. తిడుతుందేమో, చీపురు తీసుకుంటుందేమో. అది కూడా తనకి తగినదే అనుకుంటూ నిలబడింది. రాములమ్మ లేచి దగ్గరికి వచ్చి, మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"నువ్వేనా అమ్మా! అద్దాలు పెట్టుకున్న తెల్ల చీరె టీచరమ్మ అన్నది నా బిడ్డ. క్యాంపస్‌ల ఏడాది సంది దేవులాడుతున్న. ఊడ్చుకుంట ఊడ్చుకుంట ఒక్కొక్క మొకం చూసిన. అందరు తెల్ల చీరెలే, అందరు అద్దాలే. నీకు ఒక మాట చెప్పమన్నది."

"నాకా?"

"జొరంల గదే కలవరించింది. రెండు దినాలు. అవ్వా, ఆ టీచరమ్మకు చెప్పవే, నేను నిద్రపోలే అని."

విజయకుమారి స్తంభానికి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. లోపల పిల్లలు ఎక్కం చదవడం ఆపేశారు. ఇంతసేపూ రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా. ఒక పిల్ల చచ్చిపోతూ కూడా తను వేసిన నిందకి జవాబు చెప్పుకోవాలని చూసింది. ఆ జవాబు తనని చేరడానికి ఒక చీపురు వెంట ఏడాది తిరిగింది.

చాలాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "నేను రాస్తాను రాములమ్మా. మూడు గంటలకి వాళ్లందరి ముందూ చదువుతాను. నా పేరుతో."

"రాయి. గని జర ఆగు." రాములమ్మ ఆ పెన్నుని చేత్తో అడ్డుకుంది. "మాట ఇంక అయిపోలే. నిద్రపోకపోతే మరి కండ్లు ఎందుకు మూసుకున్నవ్ బిడ్డా అని నేనడిగిన. గది సుత చెప్పింది."

ఆమె హెడ్మాస్టరు వైపు తిరిగింది. ఆయన గోడ దాకా వెనక్కి జరిగి ఉన్నాడు.

"పేరు కొట్టకుమన్నది బిడ్డ మీది పానంతోనే అనుకున్నవా సారూ? నువ్వు దినాం పొద్దున లేచి ఆ పేరు నీ నోటితోని పలకాలెనని అన్న. పలుకుతున్నవో లేదో చూద్దామనే దినాం కిటికీ కాడ నిలబడ్డ."

"రాములమ్మా" అన్నాడు వెంకటనర్సయ్య. అది గొంతు కాదు, ఊపిరి.

"నువ్వు చెప్తవా ఈ అమ్మకు, కండ్లు మూసుకొని కూసొమ్మన్నది ఎవలో? నన్ను చెప్పమంటవా?"